ఇంట్లోనే గ్రైండర్‌తో కత్తికి సాన పడుతున్నారా? స్విచ్ వేసే ముందు ఇవి తెలుసుకోండి!

ఆవకాయ సీజన్ వచ్చిందంటే చాలు.. ఇంట్లో ఉన్న ప్రతి కత్తికీ పని పడుతుంది. మామిడికాయను టెంకతో సహా ముక్క కొట్టాలంటే మొద్దు కత్తి పనికిరాదు. దసరా ఆయుధ పూజకు ముందు, వరి కోతలకు ముందు కూడా ఇదే హడావుడి. ఒకప్పుడు సైకిల్‌కు రాయి బిగించుకుని "కత్తులకు సాన పడతాం.. కత్తెర్లకు సాన పడతాం" అంటూ వీధిలోకే వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ కేక ఎప్పుడో గానీ వినపడటం లేదు.

దాంతో చాలామంది సొంత ప్రయోగాలకు దిగుతున్నారు. ఆన్‌లైన్‌లో చిన్న బెంచ్ గ్రైండర్ కొనేస్తున్నారు. లేదంటే తెలిసినవాళ్ల దగ్గర యాంగిల్ గ్రైండర్ అడిగి తెచ్చుకుని, ఫోన్‌లో వీడియో చూస్తూ పని మొదలుపెడుతున్నారు. తెనాలి అంటే ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే ఊరు. వెల్డింగ్, గ్రైండింగ్ అక్కడ కొత్తేం కాదు. కానీ షెడ్డులో రోజూ ఆ పనే చేసేవాళ్లు వేరు.. ఏడాదికోసారి పెరట్లో స్విచ్ వేసే మనం వేరు.

అసలు విషయం ఏంటంటే.. గ్రైండర్ దగ్గర మనకు లాభం తెచ్చేది వేగమే, ప్రమాదం తెచ్చేదీ వేగమే. ఈ ఒక్క మాట గుర్తుంటే కంటికి, చేతికి, చివరికి కత్తికి కూడా ఏం కాదు.

అసలు గ్రైండర్ అవసరమా?

ముందు ఈ ప్రశ్న వేసుకోండి. రోజూ కూరగాయలు తరిగే చాకు కాస్త మొద్దుబారితే గ్రైండర్ అక్కర్లేదు. రెండు వైపులా వాడే చేతి సానరాయి మీద, తడిపి, ఒక్కో వైపు పదేసి సార్లు రుద్దితే చాలు. 

గ్రైండర్ ఎప్పుడు కావాలంటే.. కత్తి అంచు పెచ్చులూడినప్పుడు, ఎముక మీదో టెంక మీదో పడి నొక్కులు పడినప్పుడు, అంచు మరీ మందంగా అయిపోయినప్పుడు. అంటే గ్రైండర్ పని కత్తికి ఆకారం ఇవ్వడం వరకే. చివరి పదును వచ్చేది చేతిరాయి మీదే. ఈ తేడా తెలియక వారానికోసారి చాకును చక్రం మీద పెడితే.. ఏడాది తిరిగేసరికి సగం చాకు అరిగిపోతుంది.

ఆ రాయి ఎంత వేగంతో తిరుగుతుందో తెలుసా?

ఇళ్లలో వాడే బెంచ్ గ్రైండర్లు చాలా వరకు నిమిషానికి సుమారు 2,850 సార్లు తిరుగుతాయి. 6 అంగుళాల రాయి ఆ లెక్కన తిరిగితే దాని అంచు వేగం గంటకు దాదాపు 80 కిలోమీటర్లు. 8 అంగుళాల రాయి అయితే 100 దాటుతుంది. ఇక 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ నిమిషానికి 11,000 సార్ల వరకు తిరుగుతుంది. దాని డిస్క్ అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లకు పైనే!

రాయి నుంచి ముక్క ఊడినా, కత్తి చేతిలోంచి జారినా వచ్చేది ఆ వేగంతోనే. తల తిప్పుకునే టైమ్ కూడా ఉండదు. అందుకే ఇక్కడ జాగ్రత్త అంటే ప్రమాదాన్ని తప్పించుకోవడం కాదు.. అసలు జరగకుండా ముందే చూసుకోవడం.

పాత మోటారుకు రాయి బిగిస్తున్నారా? వెంటనే ఆపేయండి

పాడైన మిక్సీ మోటారుకు సానరాయి బిగించి "ఇంట్లోనే గ్రైండర్" అని చూపించే వీడియోలు చాలానే ఉన్నాయి. చూడటానికి బాగుంటాయి. కానీ మిక్సీ మోటారు ఖాళీగా తిరిగితే నిమిషానికి 18,000 నుంచి 20,000 చుట్ల వరకు వెళ్తుంది. ప్రతి గ్రైండింగ్ రాయి మీద గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది. ఉదాహరణకు ఆ అంకె 4,000 అనుకుందాం. దాన్ని 20,000 వేగంతో తిప్పితే వేగం 5 రెట్లు పెరిగినట్టు. కానీ రాయిని చీల్చేసే బలం 5 రెట్లు కాదు.. 25 రెట్లు పెరుగుతుంది. రాయి అంత బలం తట్టుకోలేదు, పగిలిపోతుంది. పైగా అలాంటి మోటారుకు చుట్టూ ఇనుప కవర్ కూడా ఉండదు.

రూల్ సింపుల్. రాయి మీద ఉన్న అంకె, మోటారు ప్లేటు మీద ఉన్న అంకె కంటే ఎక్కువగా ఉండాలి. తక్కువ ఉంటే ఆ రాయి బిగించొద్దు. రాయి మీద అంకె చెరిగిపోయి కనిపించకపోయినా బిగించొద్దు.

బిగించే ముందు రాయిని 'మోగించి' చూడండి

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా.. ఇదీ అంతే. రాయి మధ్య రంధ్రంలోంచి తాడు గానీ వేలు గానీ పెట్టి వేలాడదీయండి. స్క్రూడ్రైవర్ చెక్క పిడితో పక్కగా మెల్లగా తట్టండి. ఖంగుమని మోగితే బాగున్నట్టు. బొద్దుగా, చచ్చిన చప్పుడు వస్తే లోపల చీలిక ఉన్నట్టు. కంటికి కనిపించకపోయినా సరే, దాన్ని పగలగొట్టి పారేయండి. ఊరికే పక్కన పెడితే రేపు ఇంకెవరో తీసి బిగిస్తారు. అన్నట్టు.. ఈ పరీక్ష మామూలు సానరాళ్లకే. యాంగిల్ గ్రైండర్‌లో వాడే రెజిన్ డిస్కులు బాగున్నా అలా మోగవు.

ఇంకో మూడు విషయాలు చూడాలి..

* రాయికి రెండు పక్కలా అంటించి ఉండే కాగితం పీకేయొద్దు. నట్టు బిగించినప్పుడు ఒత్తిడి సమానంగా పడేది దాని వల్లే.
* కత్తి ఆనించే ఇనుప పలక, అంటే టూల్ రెస్ట్, రాయికి 3 మిల్లీమీటర్లకు మించి దూరం ఉండకూడదు. పైన ఉండే చిన్న రేకు 6 మిల్లీమీటర్లకు మించి దూరం ఉండకూడదు. అమెరికాలో కార్మిక భద్రత చూసే ఓషా నిబంధనల్లో ఉన్న కొలతలివి. సందు ఎక్కువైతే కత్తి మొన అందులోకి దూరి ఇరుక్కుంటుంది. రాయి అరిగేకొద్దీ పలకను దగ్గరకు జరుపుతూ ఉండాలి. అయితే మెషీన్ ఆగి ఉన్నప్పుడే!
* కొత్త రాయి బిగించాక పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. లోపం ఉన్న రాయి మొదటి నిమిషంలోనే పగిలే అవకాశం ఎక్కువ.

ఎక్కడ పెట్టాలి? ఏం వేసుకోవాలి?

వంటింట్లో వద్దు. గ్యాస్ సిలిండర్, నూనె ఉన్న చోట నిప్పురవ్వలు రానివ్వకూడదు. పెరట్లో పెడుతున్నారా? గడ్డివాము ఎంత దూరంలో ఉందో చూసుకోండి. డెల్టా ఊళ్లలో వరిగడ్డి, ఎండిన కొబ్బరి మట్టలు, గోనె సంచులు లేని పెరడు అరుదు. రవ్వలు వాటి వైపు పడకూడదు. పని అయ్యాక కాసేపు అక్కడే ఉండి పొగ గానీ వస్తోందా అని చూడండి.

బెంచ్ గ్రైండర్‌ను నేల మీద ఊరికే పెట్టి వాడొద్దు. బరువైన బల్లకు బోల్టులతో బిగించాలి. మూడు పిన్నుల ప్లగ్, ఎర్తింగ్ తప్పనిసరి. కత్తి ముంచే నీళ్ల మగ్గు స్విచ్ బోర్డుకు దూరంగా ఉండాలి. తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే వెంటనే స్విచ్ ఆపేయండి. మర్చిపోతే కరెంటు వచ్చినప్పుడు మెషీన్ దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. ఆ టైమ్‌లో పిల్లలు ఎవరైనా దాని దగ్గర ఉంటే? ఆలోచించండి.

కళ్లకు సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోవాల్సిందే. చలువ కళ్లద్దాలు, చత్వారం అద్దాలు సరిపోవు. వాటి పక్కల నుంచి రవ్వలు లోపలికి వస్తాయి. అద్దం పగిలితే ఆ ముక్కలూ కంట్లోకే. ముక్కుకు మాస్క్, కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు.

చేతికి గుడ్డ గ్లౌజులు వేసుకుంటే మంచిదే కదా అనిపిస్తుంది. కాదు! తిరిగే చక్రం దగ్గర గుడ్డ గ్లౌజు చిక్కుకుంటే వేలిని కూడా లాగేస్తుంది. చీర కొంగు, చున్నీ, లుంగీ అంచు, మెడలో గొలుసు, విరబోసిన జుట్టు.. అన్నిటికీ ఇదే ప్రమాదం. కొంగు నడుముకు బిగించి, జుట్టు ముడేసుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఇప్పుడు కత్తి చేతిలోకి తీసుకోండి

1. కత్తి పదును అంచు పక్కన, రెండు వైపులా నల్ల స్కెచ్ పెన్‌తో గీత గీయండి. ప్లగ్ తీసేసి, కత్తిని పలక మీద ఆనించి, రాయిని చేత్తో ఒక చుట్టు తిప్పండి. నలుపు ఎక్కడ పోయిందో చూడండి. అంచు దాకా సమానంగా పోతే కోణం సరిపోయినట్టు. లేకపోతే పలకను సర్దండి.

2. కోణం ఎంత? వంటింటి చాకుకు ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు. కొబ్బరి బోండాం, మామిడి టెంక కొట్టే బరువు కత్తికి 25 డిగ్రీల వరకు. కొలవడానికి ఏమీ లేదా? కాగితం మూలను సరిగ్గా సగానికి, మళ్లీ సగానికి మడవండి. వచ్చేది 22.5 డిగ్రీలు. అంతకంటే కాస్త తక్కువైతే చాకు, కాస్త ఎక్కువైతే బరువు కత్తి.

3. స్విచ్ వేసి, రాయికి ఎదురుగా కాకుండా ఓ పక్కకు నిలబడి, పూర్తి వేగం అందుకునే వరకు ఆగండి. ముందు వైపు రాయి పై నుంచి కిందికి తిరగాలి. అప్పుడు అది కత్తిని పలక మీదకు నొక్కి పెడుతుంది. కింది నుంచి పైకి తిరుగుతుంటే కత్తిని మీ ముఖం వైపు ఎగరేస్తుంది. అలాంటి మెషీన్ వాడొద్దు.

4. కత్తిని పలక మీద చదునుగా ఆనించండి. పదును రాయి వైపు, వెన్ను మీ వైపు. వేళ్లు వెన్ను దగ్గరే ఉండాలి. గట్టిగా నొక్కొద్దు. పిడి దగ్గర మొదలుపెట్టి మొన వరకు ఆగకుండా ఒకే వేగంతో లాగండి. ఒకచోట ఆగితే అక్కడ గుంట పడుతుంది. మొన దగ్గరకు రాగానే తీసేయండి, లేకపోతే మొన గుండ్రంగా అరిగిపోతుంది.

5. ఒక్కోసారి లాగాక నీళ్లలో ముంచండి. రెండు వైపులా రెండు మూడు సార్లు చాలు.

6. స్విచ్ ఆపాక కూడా రాయి కాసేపు తిరుగుతూనే ఉంటుంది. కర్ర పెట్టో, కత్తి ఆనించో ఆపొద్దు. దానంతటదే ఆగాలి.

7. చివరగా చేతిరాయి. చక్రం మీద నుంచి వచ్చిన కత్తి అంచుకు సన్నటి ఇనుప పొర అంటుకుని ఉంటుంది. తడిపిన రాయి మీద రెండు వైపులా రుద్దితే అది పోయి అసలు పదును తేలుతుంది. బొటనవేలితో పరీక్షించొద్దు. ఒక టమాటా కోసి చూడండి, నొక్కకుండానే తెగితే పని అయిపోయినట్టే.

కత్తి నీలం రంగులోకి మారిందా? పని చెడిందన్నమాటే

చాలామందికి తెలియని పాయింట్ ఇది. కత్తిని గట్టిగా నొక్కి పట్టగానే అంచు రంగు మారుతుంది. మామూలు ఇనుప కత్తుల్లో వాడే కార్బన్ స్టీల్ సుమారు 220 డిగ్రీల వద్ద లేత గడ్డి రంగుకు వస్తుంది. 300 డిగ్రీల దగ్గర నీలం రంగుకు మారుతుంది. తయారీలో కాల్చి, చల్లార్చి ఇచ్చిన గట్టిదనం ఆ వేడికి పోతుంది. అంచు మెత్తబడుతుంది. అప్పటికి పదునుగానే ఉంటుంది, కానీ నాలుగు రోజుల్లో మళ్లీ మొద్దుబారుతుంది. "గ్రైండర్ పట్టించాక కత్తి నిలవడం లేదు" అని చాలామంది అనేది ఇందుకే.

నీళ్లలో ముంచినా పోయిన గట్టిదనం తిరిగి రాదు. నీలం పడిన చోటు వరకు అరగదీయడం ఒక్కటే మార్గం. అందుకే వేడెక్కకముందే ముంచాలి. నిమిషానికి వంద సార్ల లోపు తిరుగుతూ, సగం నీళ్లలో మునిగి ఉండే చక్రాల మెషీన్లు కూడా దొరుకుతాయి. వాటికి ఈ సమస్య లేదు. కాకపోతే ధర ఎక్కువ. నిజానికి సైకిల్ తొక్కుతూ సాన పట్టేవాళ్ల రాయి కూడా నెమ్మదిగానే తిరిగేది. కత్తి కాలకుండా ఉండేది.

గుడ్డ చక్రం దగ్గర రూల్ రివర్స్

కొన్ని గ్రైండర్లకు ఒక వైపు రాయి, రెండో వైపు మెరుగు పెట్టే గుడ్డ చక్రం ఉంటాయి. రాయి దగ్గర పదును చక్రం వైపు పెట్టమన్నాం. గుడ్డ చక్రం దగ్గర అలా పెడితే మాత్రం పదును గుడ్డలో దిగబడి, కత్తిని చేతిలోంచి లాగి విసిరేస్తుంది. ఇక్కడ చక్రం ఎటు పోతోందో పదును కూడా అటే ఉండాలి, ఎదురు ఉండకూడదు. అర్థం కాకపోతే గుడ్డ చక్రం జోలికి వెళ్లొద్దు. కత్తికి మెరుపు లేకపోయినా కూర తెగుతుంది!

కత్తిపీటకు యాంగిల్ గ్రైండర్.. వద్దు

చేపల మార్కెట్లలో, ఇళ్లల్లో వాడే కత్తిపీటను బెంచ్ గ్రైండర్ దగ్గరకు తీసుకెళ్లడం కష్టం. పీట అడ్డొస్తుంది. దాంతో యాంగిల్ గ్రైండర్‌నే కత్తిపీట దగ్గరకు తెస్తారు. ఒక చేత్తో పీట, ఇంకో చేత్తో గ్రైండర్! గార్డు అడ్డమని తీసేస్తారు. పైగా సన్నటి కటింగ్ డిస్క్ పక్కభాగంతో రుద్దుతారు. ఆ డిస్క్ తయారైంది కోయడానికే. పక్క నుంచి ఒత్తిడి పడితే ముక్కలవుతుంది.

ఇంకో సంగతి.. ఈ డిస్కులు రెజిన్‌తో అతికించినవి. తేమకు బలం తగ్గుతుంది. బాపట్ల సూర్యలంక, రేపల్లె నిజాంపట్నం లాంటి తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న డిస్క్ తీసి వాడొద్దు. చాలా డిస్కులకు మధ్య రింగు మీద గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి.

కత్తిపీటకు బెస్ట్ ఏంటంటే.. పీటను కదలకుండా కాలితో కాకుండా క్లాంపుతో బిగించి, ఆకురాయితో ఒకే దిశలో రుద్దడం. తర్వాత తడి సానరాయి. పావుగంట పడుతుంది, అంతే.

పళ్లున్న కొడవలి, రంపపు అంచు ఉన్న బ్రెడ్ చాకు, సిరామిక్ చాకు, టైలర్ కత్తెర.. ఇవి కూడా ఇంట్లో చక్రం మీద పెట్టొద్దు. పళ్లు అరిగిపోతాయి, కత్తెర రెండు రెక్కలు కలవవు. అల్యూమినియం, ఇత్తడి సామాన్లు అసలే వద్దు. మెత్తటి లోహం రాయి రంధ్రాల్లో పూడుకుపోయి, రాయి వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

దుమ్మును తక్కువ అంచనా వేయొద్దు

కత్తుల తయారీకి పేరున్న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 19వ శతాబ్దంలో ఇసుకరాతి చక్రాల మీద సాన పట్టేవాళ్లు. నీళ్లు లేకుండా పొడిగా పట్టినవాళ్లు ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే చనిపోయారు. అక్కడ దాన్ని 'గ్రైండర్ల ఉబ్బసం' అనేవాళ్లు. ఇప్పటి రాళ్లలో ఆ ఇసుక లేకపోయినా ఇనుప ధూళి, రాతి ధూళి తప్పవు. రోజూ పట్టేవాళ్లకు మంచి మాస్క్, గాలి ఆడే చోటు తప్పనిసరి. పాత ఇసుకరాయి దొరికితే నీళ్లు లేకుండా వాడొద్దు.

కంట్లో రవ్వ పడితే ఏం చేయాలి?

* నలపొద్దు. అగ్గిపుల్ల, కొంగు చివర, నాలుకతో తీయించే ప్రయత్నం వద్దు. ఆకు పసరు, తల్లిపాలు పోయొద్దు. వాటితో ఇన్ఫెక్షన్ వచ్చి చూపు పోయే ప్రమాదం ఉంది.
* పైపైన ఉన్న నలుసు అయితే శుభ్రమైన నీళ్లతో కడిగితే పోతుంది. పోకపోతే, గుచ్చుకున్నట్టు అనిపిస్తే కడగడం ఆపి, కంటిని నొక్కకుండా పేపర్ కప్పు లాంటిది అడ్డం పెట్టి, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఇనుప రవ్వ గంటల్లోనే కంటిలో తుప్పు వలయం వేస్తుంది.
* నొప్పి తగ్గింది కదా అని ఊరుకోవద్దు. వేగంగా వచ్చిన సన్నటి ముక్క కంటి లోపలికి వెళ్లిపోతే పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. చూపు మసకగా ఉన్నా ఆలస్యం చేయొద్దు.
* డాక్టర్‌కు "గ్రైండర్ దగ్గర జరిగింది" అని తప్పక చెప్పండి. కంట్లో ఇనుము ఉంటే ఎమ్మారై తీయకూడదు. అయస్కాంతానికి ఆ ముక్క కదులుతుంది.

వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి 10 నిమిషాలు ఉంచండి. మధ్యలో తీసి చూడొద్దు. పసుపు, కాఫీ పొడి, సున్నం అద్దొద్దు. కుట్లు వేసేటప్పుడు వాటిని కడగడమే పెద్ద పనవుతుంది. టీటీ ఇంజెక్షన్ గురించి అడగండి. వేలు ముక్క తెగిపడితే దాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఆ కవర్‌ను ఐసు మీద ఉంచి తీసుకెళ్లండి. ముక్కను నేరుగా ఐసులో వేయొద్దు. 108కి కాల్ చేయండి. తెనాలి జిల్లా ఆసుపత్రి, బాపట్ల ఏరియా ఆసుపత్రి, పెద్ద కేసైతే గుంటూరు జీజీహెచ్.. ఏది దగ్గరో, దారేదో ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి.

ఒక్క నిమిషం చెక్ చేసుకోండి

రాయి మోగిందా? వేగం అంకె సరిపోయిందా? పలక సందు 3 మిల్లీమీటర్ల లోపు ఉందా? గాగుల్స్ పెట్టుకున్నారా? కొంగు, జుట్టు బిగించారా? పిల్లలు లోపల ఉన్నారా? నీళ్ల మగ్గు పక్కనుందా? వీటిలో ఒక్కదానికి 'లేదు' అన్నా స్విచ్ వేయొద్దు.

అంత తీరిక లేదంటారా? అయితే ఆకురాయి, చేతి సానరాయి చాలు. లేదా సాన పట్టేవాళ్లు ఈసారి మీ వీధిలోకి వచ్చినప్పుడు పిలిచి ఇంట్లో ఉన్న కత్తులన్నీ ఒకేసారి ఇచ్చేయండి. ఆవకాయ ముక్క రెండు రోజులు లేటైనా ఏం కాదు.